సొంత వాక్యం

జూన్ 30, 1997. సోమవారం

కొత్త చెప్పులు పాడైపోయాయి. రాజోలులో కొని పట్టుమని పది రోజులు కాలేదు.

బడి మానేసిన పిల్లల పేర్లు రాసుకురమ్మని హెడ్మాస్టరు గారు నన్ను జామలంక పంపారు. ఏటి మధ్యలో ఊరు. అక్కడి పిల్లలు రోజూ పడవ మీద ఏరు దాటి మా హైస్కూలుకి వస్తారు. ఇదివరకు రెండు మూడుసార్లు వెళ్ళాను గానీ ఈసారి దర్జాగా వెళ్ళాను. రేవు ఇప్పుడు మా తమ్ముడిది. పంచాయతీ వేలంపాటలో శ్యామ్ బాబు పాడుకున్నాడు. పడవా వాడిదే, పాతదైనా పెద్దది.

"అక్కా, నువ్వెక్కేక పడవకే కళొచ్చిందే" అన్నాడు వెధవ. ఎక్కిన ప్రతివాళ్ళకీ "మా అక్కండి, ఇంగ్లీషు టీచరుగారండి" అని చెప్పాడు.

నాన్న పోయేటప్పటికి వాడికి ఏడేళ్ళు. నా చేతుల మీద పెరిగాడు. క్యాసెట్ల కొట్టన్నాడు, మూసేశాడు. రొయ్యల చెరువన్నాడు, తెగులొచ్చి పోయింది. రావులపాలెంలో అరటిగెలల లారీలకి చీటీలు రాశాడు, మూడు నెలలు. ముప్ఫై రెండేళ్ళకి ఇవాళ వాడు నలుగురి ముందు తలెత్తుకుని నిలబడటం చూశాను. పిల్లనిస్తామని కూడా ఎవరో కదిలారట. అమ్మ మొహం చూడాలి.

పడవలో ఎవరో పిల్ల డబ్బాతో నీళ్ళు తోడుతూ నా చీర మీద చిందించింది. గట్టిగా కసిరాను.

చెప్పులు ఎండలో పెట్టాను. వాన చుక్క లేదు, అయినా తడిశాయి.


జూలై 8. మంగళవారం

తొమ్మిదో తరగతికి రోజుకో ఇంగ్లీషు జాతీయం చెప్తున్నాను. ఇవాళ్టిది 'టర్న్ ఎ బ్లైండ్ ఐ'. బోర్డు మీద రాసి, అర్థం, ప్రయోగం అని రెండు గీతలు గీశాను.

కథ చెప్తేనే వీళ్ళకి ఎక్కుతుంది. ఇంగ్లీషువాళ్ళ యుద్ధనౌకల్లో ఒక అధికారి ఉండేవాడట, ఒక కన్ను లేదు. వెనక్కి వచ్చెయ్యమని పైవాళ్ళు జెండా ఊపితే, దుర్భిణి తీసి ఆ లేని కంటికి పెట్టుకుని "నాకేమీ కనపడటంలేదే" అన్నాడట. పిల్లలు విరగబడి నవ్వారు.

తెలుగులో మనం చూసీ చూడనట్టు ఊరుకోవడం అంటామే, అదీ అర్థం అన్నాను.

వెనక బల్ల నుంచి దొరబాబు లేచాడు. "కళ్ళు మూసుకోవడమాండి?"

"కాదు నాయనా. కళ్ళు మూసుకుంటే అసలు కనపడదు. ఇది కనపడ్డాక చేసే పని."

బాగా చెప్పాననిపించింది. పదిహేడేళ్ళ సర్వీసు ఊరికే పోలేదు.

సొంత వాక్యం రాసుకురమ్మన్నాను. గైడులో వాక్యం దించితే సున్నా అని బెదిరించాను.


జూలై 9. బుధవారం

నలభై ఒక్క నోటుబుక్కులు. నలభైలో అదే పోలీసు, అదే దొంగ. గైడులో ఉన్నది ఉన్నట్టు. ఒరే, మీ జన్మలో మీరు పోలీసుని ఎన్నిసార్లు చూశార్రా!

ఒక్కతి రాసింది. కృష్ణవేణి. జామలంక పిల్ల, తాతబ్బాయి అని అక్కడ కూరపాదులు పెట్టే రైతు కూతురు. ఆ పిల్ల వాక్యం ఇది: 'ది బోట్ హాజ్ ఎ హోల్. ఎల్డర్స్ టర్న్ ఎ బ్లైండ్ ఐ.'

ప్రయోగం అక్షరాలా సరిపోయింది. రెండుకి రెండు వేసి, ఎర్ర సిరాతో 'వెరీ గుడ్' అని రాశాను. ఈ ఏడాదిలో మొదటి వెరీ గుడ్.


జూలై 10. గురువారం

కృష్ణవేణి వాక్యం క్లాసులో చదివాను. "సొంత వాక్యమంటే ఇలా ఉండాలి" అని రెండోసారి కూడా చదివాను. చప్పట్లు కొట్టించాను. ఆ పిల్ల తలెత్తలేదు. సిగ్గు.

స్టాఫ్ రూములో కూడా చెప్పాను. హెడ్మాస్టరు ఆంజనేయప్రసాద్ గారు విని "ఆయ్, బాగుందండి. లంక పిల్ల రాసిందంటే ఎవరూ నమ్మరు. ఆగస్టు పదిహేనుకి మనం వేసే సంచికలో పెడదామండీ సుందరి గారూ" అన్నారు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళని ఈసారి హడావుడి పెద్దది.

నా పేరు కూడా కింద వేస్తారట, బోధించినవారు అని.


జూలై 11

శ్యామ్ బొమ్మిడాయిలు తెచ్చాడు. అమ్మ పులుసు పెట్టింది. కూర్చుని కడుపునిండా తిన్నాడు.

పడవ సంగతి రాలేదు. అన్నం దగ్గర ఎందుకని నేనూ తియ్యలేదు.


జూలై 13. ఆదివారం

చర్చి నుంచి వస్తూ పాస్టరమ్మ గారితో సంచిక సంగతి చెప్పాను. పక్కనే అమ్మ ఉంది. అమ్మకి చదువు లేదు. బైబిలు మాత్రం సగం నోటికి వచ్చు, విని విని. ఇంటికొచ్చి ముసుగు తీసి దండెం మీద వేస్తూ అడిగింది.

"ఆ పిల్లేం రాసిందే అమ్మాయ్? అంతలా చెప్పుకుంటున్నావు."

"జాతీయానికి సొంత వాక్యం రాసిందమ్మా."

"అదే, ఏంటని?"

చెప్పడం మొదలుపెట్టాను. పడవకి చిల్లు ఉంది, పెద్దవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు, అని.

చెప్తుండగానే నా గొంతు నాకే వేరేగా వినపడింది. ఐదు రోజుల్లో ఆ వాక్యాన్ని నేను తెలుగులో అనుకోలేదు. ఒక్కసారి కూడా.

అమ్మ మంచం మీద కూర్చుంది. "ఏ పడవే?"

నేను సంచీలోంచి బైబిలు తీసి బల్ల మీద పెట్టాను.

"జామలంక పిల్లన్నావు. ఆ ఏటి మీద ఇంకెవరి పడవుందే? మనోడిదే కదా!"

"వాక్యం కోసం రాసిందమ్మా. అలా ఉంటాయి వాక్యాలు."

"ఆ పిల్ల పడవకి చిల్లుందని నీతో చెప్తే, నువ్వు మార్కులేసేవా?"

అమ్మ లేచి వెళ్ళి కొత్తిమీర తరుగుతూ కూర్చుంది. తరిగిందే మళ్ళీ తరిగింది.

నా మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? పడవన్నాక నీళ్ళు ఊరవా? పాతికేళ్ళుగా ఆ ఏరు దాటుతున్నారు జనం.


జూలై 14. సోమవారం

బడి వదలగానే రేవుకి వెళ్ళాను. శ్యామ్ తాడు చుడుతున్నాడు.

"పడవకి చిల్లుందట గదరా?"

"ఎవరు చెప్పేరక్కా?"

"ఎవరో చెప్పేరులే. ఉందా లేదా?"

"చిల్లంటావేంటక్కా, అతుకు దగ్గర కాస్త ఊరుతుందంతే. డబ్బా ఉంది కదా. ఆఖర్న ఎక్కినోళ్ళు తోడతారు. నాకు ముందు నుంచీ ఇక్కడ అదే పద్ధతి." గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఒడ్డుకెక్కిస్తే నెల్రోజులు రేవు ఆగిపోద్దక్కా. ఆపితే పంచాయతీవోళ్ళు ఇంకోడికిచ్చేస్తారు. శ్యామ్ బాబు ఇది కూడా నిలబెట్టుకోలేకపోయేడంటారు. ఈ వరద దాటనీ. నేనే తారు పూయిస్తాను, నీ మీదొట్టు."

కళ్ళు తడయ్యాయి వాడికి. వాడేమీ అబద్ధాలకోరు కాదు. నా దగ్గర అసలు కాదు.

వాడు చెప్పిందీ నిజమే అనిపించింది. ఒక్క నెల. మహా అయితే రెండు నెలలు.


జూలై 15

ఇవాళ జాతీయం చెప్పలేదు. పాఠంలోని పొయెం చెప్పాను.


జూలై 17. గురువారం

ఏటికి ఎర్రనీరు వచ్చింది. కొబ్బరి మట్టలు, చెత్త, ఒక గడ్డివాము ముక్క కొట్టుకుపోతున్నాయట. స్టాఫ్ రూములో అందరికీ అదే కబురు.

హెడ్మాస్టరు గారితో ఒంటరిగా మాట్లాడాను. రాత్రంతా మాటలు కూర్చుకుని వెళ్ళాను. పడవ బాగోలేదంటున్నారండీ, పిల్లలు ఇరవై ఏడు మంది దాటుతున్నారండీ, బడి తరఫున పంచాయతీకి ఒక కాగితం పెడితే బాగుంటుందేమో అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేవు మీ తమ్ముడుగారిదే కదండీ?"

"ఆయ్."

"మరి ఇంట్లో మాట ఇంట్లోనే చెప్పుకుంటే పోయేదానికి కాగితాలెందుకండీ? మీరు రాస్తే అతగాడికి నష్టం. నేను రాస్తే మీకు కష్టం. ఆగస్టు పదిహేను దాటనివ్వండి, అప్పుడు చూద్దాం. ఆ పిల్ల వాక్యం మాత్రం అచ్చుకి పంపించేశానండోయ్."

పెద్దాయన అలా అన్నాక ఇంక నేను చేసేదేముంది? చెప్పవలసింది చెప్పాను. నా బాధ్యత అయింది.

గుండెల మీంచి బరువు దిగినట్టు ఉంది. అయినా పన్నెండు దాటినా పడుకోలేదు. కాఫీ ఎక్కువైంది కాబోలు.


జూలై 19

నా బాధ్యత అయింది.


జూలై 21. సోమవారం

కృష్ణవేణి కుడిచేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. రాత పని ఎడమచేత్తో కుదరక దిక్కులు చూస్తోంది.

"చేతికేమైందే?"

"డబ్బా అంచు కోసుకుందండి."

"రోజూ నువ్వే తోడతావా ఏంటి?"

"ఆఖర్న ఎక్కినోళ్ళు తోడాలండి. చిన్నపిల్లల్ని ముందెక్కించి నేనెక్కుతానండి." తర్వాత తనే అంది, మామూలుగా, వాన వస్తోందని చెప్పినట్టు. "ఇప్పుడు రెండు డబ్బాలండి, టీచర్. ఒకదాంతో సరిపోటం లేదు."

నోటుబుక్కు మూసి ఆ పిల్ల చేతికిచ్చేశాను. మిగతా పీరియడు ఏం చెప్పానో గుర్తు లేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. రెండు డబ్బాలని చెప్పాను, చెయ్యి తెగిందని చెప్పాను, హెడ్మాస్టరు గారి మాట కూడా చెప్పాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"రేపు పిల్లలు ఎన్నింటికే ఇంటికెళ్ళేది?"


జూలై 22. మంగళవారం

ఇది వివరంగా రాయాలి. ఒకటీ వదలకూడదు.

నాలుగున్నరకి బడి వదిలారు. నేను రేవుకి వెళ్ళేసరికి అమ్మ అక్కడే ఉంది. ఆటో కట్టించుకుని వచ్చింది. ఆదివారం చర్చికి కట్టే తెల్ల చీర, చేతిలో కర్ర. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నెప్పులని గుమ్మం దిగడానికే ఆపసోపాలు పడుతుంది.

శ్యామ్ కంగారుగా ఎదురొచ్చాడు. "ఏంటమ్మా ఇలా వచ్చేవు?"

"జామలంకెళ్తాను. ఎక్కించు."

"ఇప్పుడా? ఏటిలో నీళ్ళెలా ఉన్నాయో చూసేవా? పని ఉంటే నేను చూసొస్తాను కదా."

"పిల్లలెక్కడం లేదూ? నేనెక్కకూడదా?"

పిల్లలు పక్కకి జరిగి దారిచ్చారు. అమ్మ నా భుజం మీద ఒక చెయ్యి, కృష్ణవేణి భుజం మీద ఒక చెయ్యి వేసి, ఎలాగో పడవలో దిగి మధ్య బల్ల మీద కూర్చుంది. అడుగున మడమలు మునిగే నీళ్ళున్నాయి, ఎర్రగా. అమ్మ కాళ్ళు ఆ నీళ్ళలోనే పెట్టుకుంది. చీర కుచ్చిళ్ళు తడిసి బరువెక్కి కిందికి జారాయి. సర్దుకోలేదు.

"నువ్వు కూడా రా అమ్మాయ్" అంది నాతో.

ఎక్కాను. నేనూ నీళ్ళలోనే పెట్టాను కాళ్ళు. చల్లగా ఉన్నాయి. బల్లకింద అతుకులోంచి నీళ్ళు ఊరడం కాదు, బుడబుడమని పైకి లేస్తున్నాయి. చెవికి వినపడుతోంది. మూడు వారాల కిందట కూడా వినపడే ఉంటుంది.

కృష్ణవేణి అలవాటు చొప్పున డబ్బా తీసి తోడబోయింది. అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండమ్మా. ఇవాళ ఎవరూ తోడొద్దు. ఒరేయ్ శ్యామూ, పడవ తియ్యరా."

శ్యామ్ పడవ తోసే గెడ పట్టుకుని ఒడ్డునే నిలబడిపోయాడు. నీళ్ళు అమ్మ చీలమండల పైకి వచ్చాయి.

"అమ్మా, దిగు."

"తియ్యరా."

"దిగమ్మా, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. నీళ్ళొచ్చేస్తున్నాయి, కనపడటం లేదా!"

అమ్మ వాడికేసి చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే చూసేదే, అలా.

"నీకు కనపడుతున్నాయన్నమాట" అంది.

అంతే. వాడు గెడ వదిలేసి బురదలో కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఇరవై ఏడుగురు పిల్లల ముందు, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. "ఇది కూడా పోతే నాకింకేముందమ్మా" అన్నాడు. వాడిని పెంచినదాన్ని నేను. వాడి ఏడుపు ఒక్కటే నేను చూడలేను. ఇన్నాళ్ళూ అందుకే చూడలేదు.

పడవ దిగి వెళ్ళి వాడి పక్కన బురదలో కూర్చున్నాను. "పోతే పోనీరా. నేనున్నాను. నీ పేరు మీద ఒక్క పిల్ల పోతే మాత్రం నేనుండీ లాభం లేదు" అన్నాను.

కాస్సేపటికి లేచి, అమ్మనీ కృష్ణవేణినీ చెయ్యి పట్టి ఒడ్డుకి దింపాడు. ముక్కు చీదుకుని, రేవు పక్కన వల వేసుకునే కనకరాజు దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుని బతిమాలాడు. కనకరాజు నావ చిన్నది, కొత్తది. తొమ్మిదేసి మంది చొప్పున మూడుసార్లు దాటించారు. గెడ వేసింది శ్యామే. ప్రతిసారీ అవతల ఒడ్డున పిల్లల్ని లెక్కపెట్టి, ఇటు తిరిగి మాకు చెయ్యి ఊపాడు.

ఆఖరి పడవలో ఆఖరిది కృష్ణవేణి. ఎక్కి కూర్చుని, అడుగున వెతికింది. డబ్బా కోసం.


జూలై 23. బుధవారం

పొద్దున్నే రేవు నుంచి కబురొచ్చింది. వెళ్ళాం, నేనూ శ్యామూ.

పెద్ద పడవ మునిగిపోయింది. ఎవరూ ఎక్కలేదు. ఎక్కడికీ పోలేదు. కట్టిన తాడు కట్టినట్టే ఉంది, ఒడ్డుకి నాలుగు అడుగుల దూరంలో. ముక్కు మాత్రం పైకి కనపడుతోంది. దాని మీద ఒక డబ్బా తాడుకి వేలాడుతోంది.

శ్యామ్ చాలాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు, చిన్నప్పుడు తీర్థంలో జనం మధ్య పట్టుకున్నట్టు. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"నిన్న సాయంత్రం, అక్కా" అన్నాడు.

బడికెళ్ళగానే పంచాయతీకి కాగితం రాశాను. తమ్ముడి పేరుతో సహా రాసి సంతకం పెట్టాను. కింద శ్యామ్ కూడా పెట్టాడు, తనే అడిగి. హెడ్మాస్టరు గారు చదివి స్టాంపు వేశారు. కొత్త పడవ వచ్చేవరకూ కనకరాజు నావే తిప్పుతారట. రేవు ఎవరికిస్తారో తెలీదు. కనకరాజు మాత్రం గెడ వేయడానికి శ్యామ్‌నే రమ్మన్నాడు.


జూలై 25. శుక్రవారం

పొద్దున్న హెడ్మాస్టరు గారిని అడిగి సంచికలోంచి ఆ వాక్యం తీయించేశాను. "బాగుందన్నారు కదండీ అందరూ" అన్నారాయన. బాగుందనే తీయించాను.

తర్వాత కృష్ణవేణిని నోటుబుక్కు తెమ్మన్నాను.

ఈ డైరీలో కూడా ఆ వాక్యం మొత్తం రాయలేదు నేను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయలేదు. క్లాసులో రెండుసార్లూ రెండో వాక్యం చివరి చుక్క దగ్గరే ఆపేశాను. మూడో వాక్యం ఒకటుంది. 'అవర్ టీచర్ లిఫ్టెడ్ హర్ ఫీట్.' మా టీచరుగారు కాళ్ళు పైకెత్తుకున్నారు.

జూన్ ముప్ఫైన నా కాళ్ళ దగ్గర నీళ్ళు తోడుతూ నా చేత తిట్లు తిన్నది ఈ పిల్లే. నేను తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని, ఎదురు బల్ల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల చూసింది. తనకి వచ్చిన దారిలో నాకు చెప్పింది. నేను వెరీ గుడ్ అన్నాను.

ఎర్ర పెన్ను తీసి ఆ వెరీ గుడ్ మీద అడ్డంగా గీత గీశాను. కింద తెలుగులో రాశాను. 'చూశాను. ఆలస్యంగా చూశాను. క్షమించు తల్లీ. సుందరి టీచర్.'

పిల్ల బల్లకి అవతలి వైపు నుంచి తలకిందులుగా చూస్తోంది. రాసింది కనపడలేదు. గీత మాత్రం కనపడింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"వాక్యం తప్పాండి, టీచర్?" అంది. "మార్కులు తీసేస్తారాండి?"